శ్రద్ధ లేదనే ముందు ఒక కన్ను మూసి చూడండి

మా రాజోలు వైపు బడిపిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరిగింది. "మీ పిల్లల చూపు బాగుందా? ఈ పది లక్షణాలు గమనించండి" అని మొదలవుతుంది. టీవీకి దగ్గరగా కూర్చోవడం, కళ్ళు చిట్లించి చూడటం, మాటిమాటికీ తలనొప్పి అనడం, పుస్తకం ముక్కుకి ఆనించి చదవడం, ఇలా సాగుతుంది. అందులో తప్పు ఒక్కటీ లేదు. నాకు నచ్చనిదల్లా అది చదివినవాళ్ళు ఆ తర్వాత చేసే పని. మావాడిలో ఈ పదిలో ఒక్కటీ లేదు కదా అని ఊపిరి పీల్చుకుని ఇంకో గ్రూపుకి పంపించేస్తారు.

లక్షణాలు తెలుసుకోవద్దని నేననను. అవి కనిపించేదాకా ఆగుదాం అనుకోవడమే ప్రమాదం అంటాను. పిల్లల చూపులో వయసు దాటితే బాగుచేయడం కష్టమయ్యే లోపం ఒకటుంది. చాలాసార్లు దానికి బయటికి ఏ గుర్తూ ఉండదు. పిల్ల చెప్పదు, ఎందుకంటే తనకే తెలియదు. నేను ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. సాయంత్రమైతే పిల్లల మొహాలన్నీ ఎదురుగానే ఉంటాయి. అలా చూస్తూ చూస్తూ ఈ సంగతి మీద నాకొక అభిప్రాయం గట్టిపడింది.

ఊక పడిన కన్ను

మా ట్యూషన్‌లో ఒక దింపు కార్మికుడి (చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడి) కూతురుంది. ఆరో తరగతి. లెక్కలు చురుగ్గా చేస్తుంది. బోర్డు మీద ఏం రాసినా వెనక వరసలోంచే చదివేస్తుంది. టీవీ దగ్గరికి జరగదు, తలనొప్పి అనదు, కన్ను పక్కకి పోదు. దాళ్వా కోతలప్పుడు కళ్ళంలో తూర్పారబడుతుంటే ఊక ఎగిరొచ్చి కుడి కంట్లో పడింది. పాలకొల్లు తీసుకెళ్తే డాక్టరు ఊక తీసి, మందు వేసి, కట్టు కట్టి పంపాడు. ఇంటికొచ్చి ఆటో దిగగానే పిల్ల అరుగు తగిలి పడింది. "నాకేం కనపడట్లేదు నాన్నా" అంది. "కట్టు ఉంది కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాడు తండ్రి. తల్లి మాత్రం ఆగింది. "రెండో కన్ను తెరిచే ఉందిగా!"

మళ్ళీ తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే ఎడమ కంటికి పెద్ద పవర్ తేలింది. తగిన అద్దం పెట్టినా చార్టులో పై రెండు వరసలు దాటి చదవలేకపోయింది. ఆ కన్ను ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే అయి ఉండాలి. రెండూ తెరిచి ఉన్నంతసేపూ మంచి కన్ను ఇద్దరి పనీ చేసుకుపోయింది.

దీన్ని డాక్టర్లు ఆంబ్లియోపియా అంటారు. లేజీ ఐ అన్నా అదే. ఒక కంటి నుంచి తేటగా, రెండో కంటి నుంచి మసకగా బొమ్మ అందుతుంటే, పసి మెదడు ఆ మసక బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్నుతో చూడటం దానికి అలవాటే కాదు. తర్వాతెప్పుడో అద్దం పెట్టి కంటి ముందు బొమ్మని తేటపరిచినా మెదడు అందుకోలేదు. ఏడెనిమిదేళ్ళ లోపు దొరికితే అద్దాలు ఇచ్చి, మంచి కన్నుకి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి, లేదా అట్రోపిన్ చుక్కలతో దాన్ని కొంచెం మసకబార్చి, రెండో కన్నుతో పని చేయిస్తారు. చాలామందిలో చూపు బాగానే కోలుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

తగ్గుతుందే గాని ఒక్కసారిగా పోదు. 2005లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి అద్దాలతో పాటు ప్యాచ్, చుక్కల మందు ఇస్తే 53 శాతం మందిలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. అద్దాలు మాత్రమే ఇచ్చినవాళ్ళలో అది 25 శాతం. 13 దాటినవాళ్ళలో మొత్తం మీద తేడా పెద్దగా లేదు గాని, అంతకుముందు ఎప్పుడూ చికిత్స ఎరగనివాళ్ళకి కొంత ఉపయోగపడింది. "ఇంక లాభం లేదు, వయసు దాటింది" అని ఎవరైనా అంటే ఇంకో డాక్టరుని అడగడంలో తప్పు లేదని అందుకే చెబుతున్నాను. మా పిల్లకి ప్యాచ్ నడుస్తోంది. చార్టులో ఇప్పుడు ఇంకో వరస అదనంగా చదువుతోంది. అదే నాలుగేళ్ళప్పుడు ఎవరైనా ఆ కుడి కన్నుని అరచేత్తో మూసి "అదిగో, ఆ బొమ్మేంటి చెప్పు" అని అడిగి ఉంటే ఇంత ప్రయాస ఉండేది కాదు.

"తెలివుంది గాని శ్రద్ధ లేదండి"

గుర్తులు కనబడే చోట కూడా మనం వాటిని కంటికి కాక పిల్లవాడి గుణానికి అంటగడతాం. పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకుంటే కాపీ బుద్ధి. బోర్డు మీది 8ని 3 అని రాస్తే అజాగ్రత్త. వచ్చిన క్యాచ్ వదిలేస్తే మొద్దు. పుస్తకం తీసిన కాసేపటికే లేచిపోతే బద్ధకం. తల ఒక పక్కకి వాల్చి చూస్తే స్టైలు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకునే రోజున ఇవన్నీ కలిపి ఒకే వాక్యంగా బయటికొస్తాయి, "తెలివుంది గాని శ్రద్ధ లేదండి" అని. ఇంట్లో దానికి రెండు దెబ్బలు తోడవుతాయి.

మా వీధిలో ఒక కుర్రాడు ఎండలోకి రాగానే ఒక కన్ను మూసేవాడు. "ఎవరికిరా కన్ను కొడుతున్నావ్" అని పెద్దవాళ్ళంతా ఆటపట్టించేవారు. కన్ను అప్పుడప్పుడూ బయటివైపుకి జారే రకం మెల్ల ఉన్న పిల్లలు వెలుతురులో ఇలా ఒక కన్ను మూస్తారు. కంటి డాక్టర్లకి ఇది బాగా తెలిసిన గుర్తు. చిక్కేమిటంటే, మామూలప్పుడు కన్ను తిన్నగానే ఉంటుంది. అలసిపోయినప్పుడో, జ్వరంలోనో, పరధ్యానంగా దూరం చూస్తున్నప్పుడో జారుతుంది. ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ మాత్రమే చూసి చెబుతుంది, మిగతావాళ్ళు ఆవిడది చాదస్తం అంటారు, డాక్టరు ముందు కూర్చునేసరికి పిల్లవాడి కళ్ళు చక్కగా ఉంటాయి. ఇలాంటప్పుడు జారిన ఆ క్షణంలో ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళడం మంచి ఉపాయం.

ఇంకో రకం మరీ మోసం చేస్తుంది. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు దూరంగా ఉన్న చార్టు కింది వరస దాకా చదివేస్తారు. పసివాళ్ళ కంట్లో కటకానికి సర్దుకునే శక్తి ఎక్కువ. దానితో లాగించేస్తారు. అంతసేపూ కండరం బిగపట్టే ఉంటుంది కాబట్టి పుస్తకం చదవాలంటే విసుగు, నుదుటి దగ్గర నొప్పి. కొందరిలో ఆ శ్రమకి కన్ను లోపలికి తిరిగిపోతుంది కూడా. బడిలో చార్టు చదివించి "సైటు లేదు" అని తేల్చిన పిల్లవాడే ఇంట్లో పుస్తకం చూస్తే పారిపోతాడు. ఇక వాడి మీద బద్ధకం ముద్ర పడక ఏమవుతుంది?

టీచర్లని ఆడిపోసుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ఒక్కో సెక్షన్లో నలభై యాభై మందిని కూర్చోబెట్టి ఒక్కొక్కడి కళ్ళలోకి చూడమంటే ఎవరికి సాధ్యం? పైగా చదువు రాకపోవడానికి ప్రతిసారీ కళ్ళే కారణం కావు. అక్షరాలు పోల్చుకోవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలుంటారు. డిస్లెక్సియా అద్దాలతో పోదు. నిజంగానే ఆట మీద తప్ప దేని మీదా మనసు నిలవని వాళ్ళూ ఉంటారు, నా దగ్గరే ఉన్నారు. నేననేది ముందు ఏది, వెనక ఏది అన్న సంగతి. కంటి పరీక్షకి ఒక పూట పోతుంది. శ్రద్ధలేనివాడన్న పేరు పదో తరగతి దాకా వెంటొస్తుంది.

ముద్దొచ్చేవి, అదృష్టం అనుకునేవి

మన దగ్గర పసిపిల్లల కళ్ళ గురించి చెప్పుకునే మాటల్లో కొన్ని వింటే భయమేస్తుంది. మెల్లకన్ను అదృష్టం అంటారు. ఆస్తి కలిసొస్తుందట. పుట్టిన మూడు నాలుగు నెలల దాకా పసికళ్ళు అప్పుడప్పుడూ అటూ ఇటూ పోవడం మామూలే, నిజమే. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పిల్లల్లో మెల్ల లేకపోయినా ఉన్నట్టు అనిపించడమూ నిజమే. ఆ నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే మాత్రం అది పెద్దయ్యాక సర్దుకునే వ్యవహారం కాదు. ఆ పక్కకి పోయిన కన్నుని కూడా మెదడు పక్కన పెట్టేస్తుంది.

బారసాలకి వెళ్ళినవాళ్ళందరూ అనే మాట ఇంకొకటి. "ఎంత పెద్ద కళ్ళో, దిష్టి తీయించండి." పెద్ద కళ్ళున్న పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. కానీ నల్లగుడ్డు మరీ పెద్దగా, కాస్త పొగమంచు పట్టినట్టు ఉండి, కళ్ళు ఎప్పుడూ నీరు కారుతూ, పసివాడు వెలుతురుకి మొహం తిప్పేసుకుంటుంటే అది పుట్టుకతో వచ్చే నీటికాసులు (గ్లాకోమా) కావచ్చు. లోపలి ఒత్తిడి వల్ల ఆ లేత కన్ను సాగి పెద్దదవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకి ఒకరిలో ఈ జబ్బు ఉందని వైద్యగ్రంథాలు చెప్పే లెక్క. మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట ఇలాంటి పుట్టుక జబ్బులు ఎక్కువ. మా కోనసీమలో మేనరికం గురించి మాట్లాడితే కోపాలొస్తాయని తెలుసు. కనీసం అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ కళ్ళనైనా ఒకసారి చూపించుకోండి. చీకటి పడగానే తడుముకునే పిల్లల సంగతీ ఇంతే. విటమిన్ ఏ చాలక వచ్చే రేచీకటి ఒకటైతే, కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొరకి వంశంలో వచ్చే జబ్బు ఇంకొకటి. పొన్నగంటి కూర మొదటిదానికి మేలు చేస్తుంది, రెండోదానికి చేయదు.

అన్నిటికన్నా తొందరపడాల్సినది కంటిపాపలో తెల్లని మెరుపు. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా వస్తే అది కెమెరా కోణం వల్ల కావచ్చు, శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లల్లోనే బయటపడుతుంది. తొందరగా పట్టుకుంటే ప్రాణమే కాదు, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. ఇప్పుడు బారసాల ఆల్బమ్‌లో కళ్ళని కంప్యూటర్‌లో సరిచేసి, నల్లగా నిగనిగలాడేలా చేసి ఇస్తున్నారు. సరిచేయని ఫోటోలు కూడా ఒకసారి అడిగి చూసుకోండి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ అయితే ఫోటోల దాకా ఆగక్కర్లేదు. పుట్టిన 30 రోజుల లోపే రెటీనా పరీక్ష జరిగిపోవాలి. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే హడావిడిలో ఈ ఒక్క మాట జారిపోతూ ఉంటుంది.

క్యాంపులో నిలబడ్డ వరస

"బడుల్లో పరీక్షలు చేస్తున్నారుగా" అంటారు. చేస్తున్నారు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూపు పరీక్ష కూడా భాగమే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకం తొలి విడత బడిపిల్లలతోనే నడిచింది. వీటివల్ల ఎంతోమంది పిల్లల మొహం మీదికి అద్దాలొచ్చాయి, నాకు తెలిసిన పిల్లలకీ వచ్చాయి. ఇది తీసిపారేసే పని కాదు.

కానీ ఒక ప్రైవేటు బడిలో జరిగిన క్యాంపుకి సాయం పట్టడానికి వెళ్ళి నేను చూసింది ఇది. పిల్లలంతా చార్టు ఎదురుగా వరసలో నిలబడ్డారు. ముందున్నవాడు గట్టిగా చదువుతుంటే వెనక ఉన్నవాళ్ళు వింటున్నారు. తమ వంతు వచ్చేసరికి అందరికీ కంఠస్థం. మన పిల్లలకి బట్టీ పట్టడం ఎవరు నేర్పాలి! కన్ను మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నారు. మధ్యాహ్నానికల్లా మొత్తం పూర్తి, "అందరూ నార్మల్" అని కాగితం. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల్ని అసలు పిలవలేదు. వాళ్ళకి అక్షరాలు రావు కదా అన్నారు. ఏ వయసులో దొరికితే పూర్తిగా బాగయ్యే అవకాశం ఉందో ఆ వయసునే వదిలేశారన్నమాట.

అక్షరాలు రాని పిల్లలకీ పరీక్ష ఉంది. ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు దిక్కులకీ తిప్పి ముద్రించిన చార్టు ఉంటుంది. దాని కాళ్ళు ఎటున్నాయో పిల్లలు చేత్తో చూపిస్తే చాలు. ఆరు మీటర్ల దూరం, అంటే ఇరవై అడుగులు, వెలుతురున్న వరండా, వరసని గది బయట నిలబెట్టడం, కన్నుని వేళ్ళతో కాకుండా అరచేత్తో మూయించడం. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంకా చిన్నపిల్లలైతే ఇంట్లోనే ఆటగా చూడొచ్చు. బొమ్మలు చూస్తుండగా ఒక్కో కన్నూ మార్చి మార్చి మూయండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూయగానే చెయ్యి తోసేసి ఏడుస్తుంటే వదిలేయకండి. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒక కారణం దొరుకుతుంది, అంతే.

"అప్పుడే అద్దాలా?"

దీనికి ఎదురొచ్చే మాటలన్నీ కొట్టిపారేసేవి కావు. ఆడపిల్లకి చిన్నప్పుడే అద్దాలంటే రేపు సంబంధాల దగ్గర ఏమంటారో అన్న భయం ఉంది. బడిలో సోడాబుడ్డి అని వెక్కిరిస్తారు. అద్దాలు పెడితే సైటు ఇంకా పెరుగుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. మైనస్ పవర్ పెరిగేది పిల్లలతోపాటు కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల, అద్దం వల్ల కాదు. పవర్ తగ్గించి ఇస్తే నెమ్మదిస్తుందేమో అని 2002లో మలేషియాలో పరీక్షించి చూస్తే అలా ఇచ్చిన పిల్లల్లోనే ఎక్కువ పెరిగింది. మైనస్ రాకుండా ఆలస్యం చేయడానికి ఉపయోగపడేది పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయం. మన డెల్టాలో ఆరుబయలుకి కరువు లేదు. బడి, ట్యూషన్, స్టడీ అవర్ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అందులో ఒక ముక్క నేనూ తీసుకుంటున్నాను కాబట్టి మా బ్యాచిని ఇప్పుడు కాలవ గట్టు మీద ఆడుకున్నాకే రమ్మంటున్నాను.

వ్యాపారం గురించి ఉన్న అనుమానం మాత్రం నాకూ ఉంది. కంప్యూటర్ పరీక్ష అని ఐదు నిమిషాలు గడ్డం ఆనించి, చీటీ చించి, ఫ్రేములు ముందు పెట్టే కొట్లు ప్రతి సెంటర్‌లోనూ వెలిశాయి. పెద్దవాళ్ళకి సరేగాని, పసిపిల్లల కంటి కండరం బిగుసుకుని ఉన్నప్పుడు తీసిన లెక్కలో లేని మైనస్ వచ్చి పడుతుంది, ఉన్న ప్లస్ దాక్కుంటుంది. అందుకే పిల్లలకి చుక్కలు వేసి, ఆ కండరం సడలాక పవర్ చూడాలి. మరీ చిన్నవాళ్ళకి మూడు రోజులు ఇంట్లో మందు పెట్టి తీసుకురమ్మనడమూ ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ చూడలేరు. "రెండుసార్లు తిప్పుతున్నాడండీ, డబ్బుల కోసం" అని నాతో ఒకాయన వాపోయాడు. చించినాడ వంతెన దాటి, పనులు మానుకుని రెండుసార్లు తిరగడం కష్టమే. కానీ మందు వేసి చూసే చోటునే నమ్మమంటాను.

మందుల కొట్టు సంగతి ఇంకా బాధ. వేసవొస్తే కళ్ళు దురదతో నలిపి నలిపి తెల్లగుడ్డు గోధుమరంగు తిరిగిన మగపిల్లలు మా ఊళ్ళల్లో కనబడుతూనే ఉంటారు. ఎలర్జీ. కొట్లో ఇచ్చిన చుక్కలు రెండు రోజుల్లో చల్లబరుస్తాయి, అదే సీసా ఏడాదంతా నడుస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే నరం పాడవుతుంది. పిల్లవాడికి దురద తగ్గింది కాబట్టి మందు బాగా పనిచేస్తోందనే అనుకుంటారు.

అడ్మిషన్ ఫారంలో ఒక గడి

నేను కోరేది చిన్నదే. పలక పట్టించే ముందు ఒక కంటి పరీక్ష. విజయదశమికో వసంత పంచమికో ముహూర్తం చూస్తాం, పంతులుగారిని పిలుస్తాం, పలకా బలపం పంచుతాం. పరీక్షలొస్తే అయినవిల్లి సిద్ధివినాయకుడి దగ్గర పెట్టిన పెన్నులు తెచ్చుకుంటాం. చదువు కోసం ఇంత చేసే మనుషులకి ఆ మూడు నాలుగేళ్ళ వయసులో రెండు కళ్ళూ విడివిడిగా చూపించడం బరువనిపించదు. పైగా లేజీ ఐ పట్టుకోవడానికి సరైన వయసు కూడా అదే. అందరికీ అవసరమా, దొరికేది కొద్దిమందే కదా అంటే, అవును, కొద్దిమందే. ఆ కొద్దిమంది ఎవరో బయటికి చూస్తే తెలియదు, అదే గొడవ.

ఇక్కడి ఒక బడి హెడ్‌మాస్టారుతో ఈ మాటే అన్నాను. "మాస్టారూ, ఆధార్ అడుగుతున్నారు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతున్నారు, టీకాల కార్డు అడుగుతున్నారు. కుడి కన్ను, ఎడమ కన్ను అని ఇంకో రెండు గడులు గీయించండి" అన్నాను. ఆయన నవ్వి, "ఆయ్, గీయిస్తాం గాని పేరెంట్స్ సరిగ్గా చూపించకుండా రెండింటికీ టిక్కు పెట్టేస్తారండి" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోలేదు. డాక్టరు సంతకం, తేదీ ఉండాలనొచ్చు. అది అడిగితే అడ్మిషన్లు పక్క బడికి పోతాయని యాజమాన్యం భయపడుతుందట. యాజమాన్యంతో మాట్లాడి చెబుతానన్నారు. ఇంకా ఏ కబురూ లేదు. జూన్‌లో ఫారాలు అచ్చుకి వెళ్ళే ముందు మళ్ళీ వెళ్ళి అడుగుతాను.